పుండు లేని ఒళ్లు

స్తమాతా అత్తగారిని ఎడమ పక్కకు తిప్పింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద, దుప్పటితో సహా ఒక్క లాగు. రెండు గంటలు కాగానే కుడి పక్కకు, ఆ తర్వాత వెల్లకిలా. పక్షవాతంతో అత్తగారు దియమాందో మంచం పట్టి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో కోడలు ఒక్క బిగిన రెండు గంటలకు మించి పడుకున్నది లేదు. తమ తోటలోని ఆలివ్ నూనె కాచి వీపుకు పట్టించేది. ముసలావిడ చర్మం పసిబిడ్డ బుగ్గలా ఉండేది.

ఆ చర్మమే కొంప ముంచింది.

దేశం జర్మనీ అప్పుల్లో ఉంది, మంచాన పడ్డవాళ్ల భత్యాలన్నీ మళ్లీ తనిఖీ చెయ్యాలని ఏథెన్సులో చట్టం చేశారు. కొండ కింద ఊళ్లో ఆరోగ్యకేంద్రం అప్పటికే మూతపడింది. పట్నం నుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చి చూసిపోయిన నెలకు ఉత్తరం వచ్చింది. పడక పుండ్లు లేవు, కనుక రోగి కొంతవరకు కదలగలదు, భత్యం సగానికి తగ్గించడమైనది.

"సోతిరీ, జర్మనీవాళ్ల బాకీకి మీ అమ్మ వీపే దొరికిందిరా!" అన్నాడు కాఫీకొట్టు మనోలిస్.

కొట్టంతా నవ్వింది. ఆ నవ్వు మోసుకుని ఇంటికొచ్చాడు స్తమాతా మొగుడు సోతిరిస్. ఆలివ్ కాయలు రాల్చే కర్ర తలుపు వెనకే ఉంది.

"ఎవడుంచమన్నాడే వీపు అంత నున్నగా? మా అమ్మేమన్నా పెళ్లికూతురా? ఒక్క పుండు! ఒక్కటుంటే మన డబ్బు మనకుండేది!"

మాటకొక దెబ్బ. స్తమాతా తల దాచుకుని చేతులు అడ్డం పెట్టింది. దెబ్బల మధ్య ఆమెకు భత్యం దరఖాస్తు కాగితం గుర్తొచ్చింది. 'చూసుకునేవారు' అన్న చోట సోతిరిస్ తన పేరే రాసుకున్నాడు. ఆమె చాకిరీ ఇన్నేళ్లలో ఒక్కసారి పైవాళ్ల కళ్లబడింది, దాన్ని వాళ్లు రోగి ఆరోగ్యమని రాసుకున్నారు. ఇంట్లోనూ అంతే కదా. కూర బాగుంటే వాళ్ల వంకాయల గొప్ప, మాడితే తన చేతులు పడిపోవాలి.

మళ్లీ చూడమని సోతిరిస్ అర్జీ పెట్టాడు. మూడు వారాల్లో డాక్టరమ్మ వస్తుంది. అప్పటిదాకా అమ్మను తిప్పడానికి వీల్లేదన్నాడు.

"మాట వినవే అమ్మాయ్, కుళ్లనీ" అంది దియమాందో, సగం నోటితో. "పుండు నాకు, రొట్టె మీకు. లేకపోతే చంపేస్తాడు నిన్ను. వాడి నాన్న పోలికే."

కాపురానికొచ్చిన కొత్తలో ఉప్పెక్కువైందని పులుసుగిన్నె విసిరికొట్టిన చెయ్యి అత్తగారిది. ఇప్పుడా చెయ్యి చచ్చుబడి ఉంది. స్తమాతా మాత్రం మొగుడు కాఫీకొట్టుకు వెళ్లగానే తిప్పేది.

ఒక మధ్యాహ్నం సోతిరిస్ సిగరెట్ల కోసం వెనక్కొచ్చి చూశాడు. తిప్పుతున్న పెళ్లాం చేతిని మంచం పట్టెకు ఆనించి కర్ర దించాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది.

"ఎవరడిగినా మెట్ల మీంచి జారానని చెప్పు. నోరు తెరిచావో, భత్యమూ పోతుంది, నువ్వూ పోతావు."

ఒంటిచేత్తో మనిషి తిరగదు. భుజం పెట్టింది, నుదురు పెట్టి నెట్టింది, దుప్పటి పళ్లతో కరిచి లాగింది. నాలుగో రోజుకు ముడ్డిపూస దగ్గర ఎర్రబారింది. ఆరో రోజుకు తోలు ఊడింది. ఎనిమిదో రోజుకు గదిలో వాసన.

తొమ్మిదో రోజు ఉదయం డాక్టరమ్మ వచ్చింది. తల నెరిసిన మనిషి. సంతలో పుచ్చకాయ కోసి చూపించినట్టు సోతిరిసే తల్లి గౌను ఎత్తి చూపించాడు.

"చూడండి డాక్టరమ్మా, బాగా చూడండి!"

ఆమె కలం తీసింది. "ఎన్నాళ్ల నుంచి ఉంది ఈ పుండు?"

"ఏళ్ల తరబడి. నేనే కడుగుతున్నా."

దియమాందో పనిచేసే చెయ్యి దుప్పటి కింద నుంచి పాక్కుంటూ వచ్చి కోడలి మోచేతిని పొడిచింది.

"చెప్పవే."

స్తమాతా చేతికి కట్టుకున్న గిన్నెలు తుడిచే గుడ్డ విప్పింది. వాచి నల్లబడ్డ మణికట్టును పరుపు మీద, పుండు పక్కనే పెట్టింది.

"తొమ్మిదేళ్లు నేను తిప్పాను డాక్టరమ్మా, అప్పుడు పుండు లేదు. ఇదిగో, ఇది విరిగాక వచ్చిందది. మీ కాగితంలో రెండూ రాయండి."