మాస్టారు తల ఊపాలి

పక్కింటావిడ ఊరికే ఉండలేక ఫోన్లో దర్జీ భార్య ఆడబిడ్డ చెవిన వేసిందట. పక్షవాతం వచ్చిన మొగుణ్ణి ఆ మహాతల్లి పొద్దున్నే చక్రాల కుర్చీలో తోసుకెళ్ళి కుట్టు దుకాణంలో బొమ్మలా కూర్చోబెడుతోందట. ఆయన నోట్లో ఈగ దూరినా ఈవిడ మిషన్ ఆగదట. ఆడది సంపాదన రుచి మరిగితే ఇంతేనట.

ఆ మాటలు మోసుకుని ఆడబిడ్డ సాయంత్రానికల్లా దుకాణంలో దిగింది. చంకలో గుడ్డల సంచీ. మెడలో టేపుతో, ఒళ్ళో చచ్చుబడిన కుడిచేత్తో కూర్చున్న తమ్ముణ్ణి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత మరదల్ని కడిగేసింది.

దర్జీ భార్య తలవంచుకుని వింది. ఇరవై ఏళ్ళు ఆయన తెర ముందు నిలబడి కొలతలు తీస్తే, తెర వెనక కత్తిరించిందీ కుట్టిందీ తనే. ఆ సంగతి ఆయనకీ తనకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు కొలతలూ తనే తీస్తోంది. అయినా కోటు కుట్టించుకునే మగవాళ్ళు ఆయన వైపే తిరిగి నిలబడతారు. తను "ఛాతీ నలభై" అంటే ఆయన తల ఊపాలి. అప్పుడుగాని వాళ్ళ మనసు కుదుటపడదు.

మొన్న జ్వరం తగిలిందని ఆయన్ని ఇంట్లో పడుకోబెట్టి వచ్చింది. నలుగురొచ్చారు. మాస్టారు లేరా, అయితే మళ్ళీ వస్తాం అంటూ నలుగురూ గుమ్మంలోంచే తిరిగిపోయారు. ఇంటికెళ్ళి ఆ మాట చెప్పింది. మర్నాడు లేచి చూస్తే, ఒళ్ళు కాలుతూనే ఆయన ఎడమచేత్తో చొక్కా తొడుక్కోవడానికి పెనుగులాడుతున్నాడు. గుండీలు తనే పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"వాణ్ణి కాస్త పడుకోనివ్వవే. నీ మిషన్ ఎక్కడికి పోతుంది?" అంది ఆడబిడ్డ.

"అలాగే వదినా." ఆమె సంచీ కోసం చెయ్యి చాచింది. "మీ పెద్దాడి కోటుకేనా? ఇలా ఇవ్వండి, రేపే కత్తిరిస్తాను."

ఆడబిడ్డ సంచీని దగ్గరికి లాక్కుంది.

"ఖరీదైన గుడ్డ. తొందరేముందిలే, తమ్ముడి చెయ్యి కాస్త బాగుపడనీ."

దర్జీ కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఆయన పెదవి చివర తడి తుడిచి, మెడలో జారుతున్న టేపు సరిచేసింది.

"మీ గుడ్డే మీరు నా చేతికివ్వరు. ఇక ఈయన్ని ఇంట్లో ఎలా పడుకోబెట్టమంటారు, వదినా?"