ఎఫ్ వరుసలో ఖాళీ సీటు

మా ఆయన క్లిఫ్‌లో ఒక్కటే లోపం. ఆయన ఎప్పుడూ తప్పు చేయడు. పెళ్లయిన దగ్గర్నుంచి కనిపెట్టుకుని ఉన్నాను, ఒక్కసారైనా దొరక్కపోతాడా అని. దొరకలేదు. వంటింట్లో అల్మరా వంకరగా బిగించి, గోడే వంకరన్నాడు. దారి తప్పి మేనకోడలి పెళ్లికి ఆలస్యంగా తీసుకెళ్లి, పెళ్లివాళ్లే తొందరపడ్డారన్నాడు. ఆగస్టు నుంచి నీళ్లు చూడని మఫ్లరు ఒకటి మా వీధి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ, వచ్చినవాళ్లందరినీ తన వాసనతో పలకరిస్తూ ఉంటుంది. అది ఉతికితే మా ఊరి ఫుట్‌బాల్ టీము హాల్డన్‌షా టౌన్ ఓడిపోతుందట. ఒకసారి నేను ఉతికాను. ఓడిపోయింది. ఆ తప్పు మాత్రం నాదేనని ఇప్పటికీ ఊరంతా అంటుంది.

ఇలాంటివాడు ఒక్కడైతే సర్దుకుపోవచ్చు. శనివారం వచ్చేసరికి నాకు ముగ్గురు. స్టేడియంలో ఎఫ్ వరుసలో మా సీట్లు ఏళ్ల తరబడి అవే. సీజన్ టికెట్టు కొన్నప్పుడు మన పక్కన ఎవరు తగుల్తారో తెలియదు, తగిలాక వదిలించుకోలేం. క్లిఫ్ పక్కన నెవిల్, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పడమటి గేటు నుంచి కాకుండా వేరే గేటు నుంచి లోపలికొస్తే మనవాళ్లకి గోలు పడదని ఆయన నమ్మకం. ఆ పడమటి గేటు మరమ్మతులో ఉన్న రోజున, తెరిచేదాకా బయటే నిలబడి సగం ఆట పోగొట్టుకున్నాడు. ఆయన అవతల డెస్. మాంసం కూరిన పేస్ట్రీని తలకిందులుగా పట్టుకుని తింటాడు. ఎప్పుడో అలా తిన్నరోజు మనవాళ్లు గెలిచారు. అప్పటినుంచి గ్రేవీ అంతా చొక్కా మీదే.

నాకు ఇటుపక్క సీటు గేనర్‌ది. అది వాళ్ల నాన్న విల్ఫ్ కూర్చున్న సీటు. ఆయన పోయినప్పుడు శవపెట్టెను మోసింది మా వరుసే. ముందు క్లిఫ్, డెస్, వెనక నెవిల్, గేనర్ భర్త కీత్. కీత్ ఈ ఊళ్లో పుట్టి, ఈ క్లబ్బుకే ఆడి, మోకాలు పోయాక ఇక్కడి పిల్లలకే ఆట నేర్పుతుండేవాడు. తర్వాత అతన్నే టీమును నడిపే మేనేజరును చేశారు. గేనర్ మంచి కోటొకటి కుట్టించుకుని క్లబ్బు డైరెక్టర్ల పక్కకి మారింది గానీ, నాన్న సీటును మాత్రం తన పేరు మీదే ఉంచుకుంది.

మొదటి ఏడాది కీత్‌ని భుజాల మీద మోశారు. రెండో చలికాలానికి టీము గోల్స్ చేయడం మానేసింది. అప్పుడు క్లిఫ్ పాట రాశాడు. నా పుట్టినరోజు కార్డు మీద తన పేరు తప్ప మరో ముక్క రాయని మనిషి, చర్చిలో అందరికీ వచ్చిన బాణీ ఒకటి పట్టుకుని దానికి మాటలు కట్టాడు:

పెట్టె సర్దుకో కీత్, పెట్టె సర్దుకో,
గేటు దాకా మేమే దింపుతాం, పెట్టె సర్దుకో.

రెండు వారాల్లో మా వైపు స్టాండులో కూర్చునేవాళ్లందరికీ నోటికి వచ్చేసింది. ఎదురుగా డైరెక్టర్ల వరుసలో గేనర్ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, నిటారుగా, పాట అయ్యేదాకా కూర్చుని ఉండేది. క్లిఫ్ అటు చూసి చెయ్యి కూడా ఊపేవాడు. ఆయన మనసులో ఏమీ ఉండదు.

డిసెంబరులో కీత్‌ని పీకేశారు. పరస్పర అంగీకారంతో విడిపోయారని రేడియోలో చెప్పారు.

"మా చెల్లెలూ దాని మొగుడూ కూడా అలాగే విడిపోయార్రా," అన్నాడు డెస్. "అంగీకారం సంగతి దానికి తర్వాత తెలిసింది."

కీత్ స్థానంలో జూలియన్ అనే కుర్రాడొచ్చాడు. కళ్లజోడు, తెల్ల బూట్లు, చంకలో కంప్యూటరు. వచ్చీ రాగానే టీము వరసగా గెలవడం మొదలుపెట్టింది. గేనర్‌కి డైరెక్టర్ల పక్కన చోటు పోయింది. మా వరుసకీ రాలేదు. నా పక్క సీటు ఖాళీగా ఉంటే అందులో ఫ్లాస్కు పెట్టుకునేదాన్ని.

ఆట అయ్యాక పబ్బులో ముగ్గురికీ ప్రతిసారీ ఇదే వాదన.

"బంతిని వెనక నుంచి ఎలా అల్లుకొస్తున్నారో చూశావా," అనేవాడు క్లిఫ్. "కీత్ ఉన్నప్పుడు మన గోల్‌కీపరు ఒక్క తన్ను తంతే ఆ బంతి మంచు పట్టి గానీ కిందికి దిగేది కాదు."

"దిగినప్పుడు మనవాడి తలమీదే దిగేదిగా," అనేవాడు డెస్. "ఆ తలతోనే పై డివిజన్‌కి ఎక్కే అంచు దాకా పోయాం. మరిచిపోయావా?"

"పోయాం, అంచు చూశాం, తిరిగొచ్చాం. దానికి మేనేజరెందుకు, నా బస్సు చాలదూ?" అనేవాడు నెవిల్.

"నీ బస్సు ఎప్పుడైనా చివరి స్టాపుకి చేరిందట్రా?" అనేవాడు డెస్.

"జూలియన్ ఆటగాళ్లకి బీరు మానిపించాడటగా," అని మాట మార్చేవాడు నెవిల్.

"మనకి మానిపించనంతవరకూ దేవుడే," అనేవాడు క్లిఫ్.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం గేనర్ మా వంటింటికి వచ్చింది. మఫ్లరు పక్కనుంచి ముక్కు మూసుకోకుండా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. వాళ్ల నాన్నకీ అలాంటిదే ఉండేది మరి.

"కీత్‌కి ఉద్యోగం వచ్చింది లొరెయిన్," అంది. "దక్షిణాన, సముద్రం ఒడ్డున. కుర్రాళ్లకి శిక్షణ. వచ్చే నెలాఖరుకల్లా ఏ సంగతీ చెప్పాలి. ఇల్లు అమ్మేద్దాం, ఈ ఊళ్లో రొట్టె కొనడానికి కూడా వెళ్లలేకపోతున్నానంటాడు. మొన్న దుకాణంలో ఎవడో వెనక నుంచి ఆ పాట ఈల వేశాడట."

నేను టీ పోశాను. ఆ పాట ఏ టేబుల్ మీద పుట్టిందో, ఆమె మోచేతులు ఆ టేబుల్ మీదే ఉన్నాయి.

"వాళ్లు పాడింది మేనేజరు మీద, నీ మీద కాదని చెప్పాను," అంది. "మా నాన్నను మోసినవాళ్లు. నాకు తెలియదా? మేనేజర్లొస్తారు, పోతారు, ఎఫ్ వరుస అలాగే ఉంటుందన్నాను. శనివారం పోయి నా సీట్లో కూర్చుంటా, ఎవరైనా ఏమైనా అంటే అప్పుడు ఇల్లు అమ్ము అన్నాను. సరేనన్నాడు."

"కూర్చో," అన్నాను. "నా ఫ్లాస్కు కింద పెట్టుకుంటాలే."

శనివారం గేనర్ వచ్చింది. కోటు పాతదే. ముగ్గురూ లేచి నిలబడ్డారు. నెవిల్ టోపీ తీశాడు. డెస్ పేస్ట్రీ ఇవ్వబోయాడు, తలకిందులుగా. కాసేపు ఎవరూ ఎవరినీ తిట్టకుండా ఆట చూశారు. అంత మర్యాద నేను చర్చిలో కూడా ఎరగను. టౌన్ ఓడిపోయింది.

ఆ మరుసటి శనివారం కూడా వచ్చింది. చేత్తో చేసిన అల్లం కేకు తెచ్చింది. అందరూ తిన్నారు. టౌన్ మళ్లీ ఓడిపోయింది, ఈసారి కిందనుంచి రెండో టీము చేతిలో.

ఆ సాయంత్రం నేను కూడా వాళ్లతో పబ్బులో ఉన్నాను. డెస్ గ్లాసులోకి చూస్తూ, "అయితే ఈ కళ్లజోడాయనా కీత్ లాంటివాడేనన్నమాట," అన్నాడు.

నెవిల్ గొంతు సవరించుకున్నాడు. ఆ మాట నిజమైతే తర్వాత ఏమేమి నిజం కావాలో ముగ్గురికీ తెలుసు. కీత్ అంత చెడ్డవాడు కాడు. పాట రాసి ఉండాల్సింది కాదు. ఎదురుగా చేతిసంచి పట్టుకుని కూర్చున్న మనిషికి చెయ్యి ఊపి ఉండకూడదు. తప్పు తనదన్న వైపున మా ఆయన ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

"కాదు," అన్నాడు క్లిఫ్. "జూలియన్ మారాడా? మారలేదు. ఆటగాళ్లు? వాళ్లే. నా మఫ్లరు ఉతికారా?"

"నా వైపు చూడకు," అన్నాను.

"గేటు అదే," అన్నాడు నెవిల్.

"మరి మారిందేమిటి?"

గేనర్ పేరు ఎవరూ ఎత్తలేదు. డెస్ మాత్రం, "అది విల్ఫ్ సీటురా," అన్నాడు.

"విల్ఫ్ కూర్చున్నంతకాలం బాగానే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడూ బాగానే ఉంది. లెక్క నువ్వే చూసుకో."

డెస్ లెక్క చూసుకున్నాడు. "నిజం చెప్పొద్దూ, మొన్న కేకు తింటున్నప్పుడే నాకూ తట్టింది," అన్నాడు.

ఇంటికొచ్చాక కీత్ ఉద్యోగం సంగతి క్లిఫ్‌కి చెప్పాను. ఆ సీటు పోతే వాళ్లు ఊరే వదిలిపోతారన్నాను. ఆయన బూట్లు విప్పుతూ శ్రద్ధగా విన్నాడు.

"సముద్రం గాలి మోకాళ్లకి మంచిది," అన్నాడు. "గేనర్‌కి నువ్వు చెప్పు. ఆడవాళ్లు ఆడవాళ్లు, మెత్తగా చెప్పుకుంటారు."

"పాట రాసినప్పుడు నా గొంతు అడగలేదుగా," అన్నాను. "ఇదీ నువ్వే పాడుకో."

పాడాడు. తర్వాతి ఆటలో సగం అయ్యేసరికి మనవాళ్లు ఒక గోలు వెనకబడ్డారు. గేనర్ అందరికీ టీలు తెచ్చి, వరుసలో ఒక్కొక్కరికీ అందించింది. క్లిఫ్ తనది తీసుకుని, ఒక గుక్క తాగి, అప్పుడు చెప్పాడు.

"గేనర్, నువ్వేమీ అనుకోనంటే ఒక మాట. మనలో మనకి దాపరికమేంటి. ఈ సీటు... నీ మీద ఏమీ లేదు, దేవుడి సాక్షిగా. ఉన్నదంతా సీటు మీదే. అది ఖాళీగా ఉంటే గెలుస్తున్నాం."

గేనర్ నవ్వింది. హాస్యమనుకుంది. తర్వాత నెవిల్‌ని చూసింది. ఆయన మైదానంలో గడ్డికి నీళ్లు కొడుతుంటే తదేకంగా చూస్తున్నాడు. డెస్‌ని చూసింది.

"ఈ సీజన్‌కేనమ్మా," అన్నాడు డెస్. "పై డివిజన్‌కి వెళ్లాక వచ్చి కూర్చో. నీకెవరు అడ్డం?"

"మీ నాన్నే ఉంటే ఈపాటికి తనే లేచిపోయేవాడు," అన్నాడు క్లిఫ్.

అది నిజం. విల్ఫ్ ఒకసారి తన వల్లే ఓడిపోతున్నామని తేల్చుకుని, ఓ నెల రోజులు స్టేడియం గోడ బయట నిలబడి ఆట విన్నాడు. గేనర్‌కి అప్పుడు పదేళ్లు. చెయ్యి పట్టుకుని తనూ నిలబడిందట.

"లేచిపోయేవాడే," అంది. టీ కప్పు సీటు కింద పెట్టి, కోటు బొత్తాలు పెట్టుకుని మెట్లు దిగింది. నేను ఫ్లాస్కు తీసుకుని లేచాను.

"నువ్వు కదలకు లొరెయిన్," అన్నాడు క్లిఫ్. "నువ్వు లేస్తే ఏమవుతుందో మనకి తెలియదు."

"తెలుసుకుందాం," అని నేనూ దిగాను.

బయట బస్‌స్టాపులో ఇద్దరం కూర్చున్నాం. బస్సు వచ్చింది, గేనర్ ఎక్కలేదు. గోడ అవతల మొదటి కేక లేచింది. అది గోలు కేక. పెనాల్టీ కోసం వేసే కేక వేరుగా ఉంటుంది. చిన్నప్పుడు గోడ బయట నేర్చుకున్నది మరిచిపోలేదు కాబోలు, ఆమె చేతిసంచి మీద వేళ్లు బిగిసి, ముఖం ఒక్క క్షణం వెలిగింది. మనవాళ్లే మరి. కాసేపటికి రెండో కేక. ఆ వెనకే, గెలుస్తున్నామన్న సరదాకి, ఎవరో పాత పాట ఎత్తుకున్నారు. పెట్టె సర్దుకో కీత్, పెట్టె సర్దుకో. ఇప్పుడక్కడ కీత్ లేడు, వినడానికి భార్య కూడా లేదనుకున్నారు. గోడ పెద్దది కాదు. నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాను.

ఆట అయ్యాక ముగ్గురూ చెంపలు ఎర్రగా, చేతులు చాచుకుంటూ వచ్చారు.

"రెండు-ఒకటి," అన్నాడు క్లిఫ్. "చెప్పానా?"

"వినపడింది," అంది గేనర్.

"రెండు సీట్లు ఖాళీ, రెండు గోల్స్," అన్నాడు నెవిల్ భక్తిగా. "లొరెయిన్, వచ్చే శనివారం నువ్వు కూడా సగంలో..."

"డెస్ కూడా లేస్తే మూడు పడతాయేమో," అన్నాను. నెవిల్ నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

"మనసులో పెట్టుకోకు గేనర్," అన్నాడు క్లిఫ్. "రా, పబ్బుకి పోదాం. నీకు నేనే పోయిస్తా. అక్కడ నీ ఇష్టమొచ్చిన చోట కూర్చో."

ఆయన హాస్యానికి ముగ్గురూ నవ్వారు. గేనర్ కూడా మర్యాదకి నవ్వి, సంచిలోంచి ఫోన్ తీసి నంబరు నొక్కింది. పక్కకి వెళ్లలేదు, గొంతు తగ్గించలేదు.

"కీత్, రేడియో విన్నావా? అవును, రెండు. లేదు, నేను చూడలేదు, బయటున్నా... బానే ఉన్నా." ఒకసారి క్లిఫ్ ముఖం వైపు, మఫ్లరు వైపు, నెవిల్ టోపీ వైపు చూసింది. "ఆ ఉద్యోగం వాళ్లకి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పు. ఇల్లు చూసేవాళ్లని రేపే రమ్మను. నువ్వు చెబుతూనే ఉన్నావు, నేను వినలేదు. వీళ్లు మనవాళ్లు అన్నాను చూడు, అది నా తప్పు కీత్. నాదే తప్పు."