చెలమ నీళ్ళు

"రాగి చెంబు ఎవురు ముట్టినారు?" అని మా అత్త రాహేలమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. చెంబులో ముక్కు పెట్టి చూసి ఠక్కున కింద పెట్టింది. "నీచు వాసన కొడతాండాది. చేపలేమన్నా కడిగినావా, కృపమణీ?"

"చేపలు కాదత్తా, నత్తలకు నీళ్ళు పోసినా."

"తాగే చెంబు నత్తలకా! కాలేజీ కోడలు కావల్లని తెచ్చుకున్యాం గదా, అనుభవించల్ల."

నెల్లూరు పక్క సముద్రపు ఒడ్డున జరిగిన క్రైస్తవ సభల నుంచి ముందురోజే బద్వేలు చేరాము. మా ఆయన జ్ఞానరాజుకు గుడిలో శంఖాలు పొదిగిన సిలువ పెట్టాలని కోరిక. ఒడ్డున నేను ప్రతి శంఖమూ తిప్పి, మూతిలోకి చూసి, ఖాళీదైతేనే ఒడిలో వేసుకున్నాను. లోపల కదిలితే ఎత్తిన చోటే పెట్టాను. ఆయన కదిలేవే ఏరారు.

"ఖాళీవి వెలిసిపోయినాయి. పానమున్నవే నిగనిగలాడతాండాయి."

నీళ్ళలో వదలమని బతిమాలాను. బస్సు పోతుందన్నారు.

ఇంట్లో బుట్ట విప్పితే తడిగుడ్డలో పంతొమ్మిది బతికి ఉన్నాయి. ఒకటి నా అరచేతి మీద మెల్లగా పాకింది కూడా. ఎదురింటి అల్లా బాషా సరుకు కోసం ఎల్లుండి నెల్లూరు పోతున్నాడని తెలిసి అడిగాను. "నవ్వుతారమ్మా నన్ను చూసి. సరే, ఈయి, సముద్రంలో ఇడిసొస్తా," అన్నాడు. రెండు రోజులు బతికిస్తే చాలు.

సగిలేరు ఎండిపోయి, ఇసుకలో చెలమ తవ్వి చెంబు చెంబుగా తోడుకునే రోజులు. మాకు అంతకన్నా మంచి నీళ్ళు లేవు. నా వంతు తాగే నీళ్ళన్నీ మట్టి తొట్టిలో పోసి వాటిని వదిలాను.

అత్త కేకలకు వచ్చిన ఆయన, నేను కలిసి తొట్టి దగ్గరికి వెళ్ళాము. పంతొమ్మిదీ గుల్లల్లోంచి జారి, తెల్లగా ఉబ్బి ఉన్నాయి. ఉప్పునీటి ప్రాణులకు మంచినీళ్ళు పోశానని అప్పుడు తట్టింది.

"నేను తెచ్చినప్పుడు బతికే ఉండాయి," అన్నారాయన. "సంపింది నువ్వు."

మధ్యాహ్నానికి వాటిని ఉడకబెట్టించి, గుల్లలు ఎండలో పరిచారు. సంగటి ముందు కూర్చుని, ప్రార్థన ముగించి, అత్త వైపు తిరిగి చెప్పారు:

"ఇంకా నలభై కావల్ల. వచ్చే ఏడు సభలకు నువ్వూ నేనూ పోదామ్మా. కృపమణి ఇంటికాడే ఉంటాది."