వెనక సీటు నుంచి దారి

చోడవరం, వడ్డాది, చీడికాడ, రావికమతం. ఈ నాలుగూళ్ల మధ్య చెరుకు మడి ఎక్కడున్నా దాని గట్టు ఎవరిదో, నీరు ఎటునుంచి పారుతుందో, ట్రాక్టరు ఎటునుంచి దిగుతుందో పరదేశికి తెలుసు. తెలియకేం! పంచదార ఫ్యాక్టరీలో ఇరవయ్యేడేళ్లు ఫీల్డ్‌మేన్‌గా చేశాడు. ఎవరి తోట ఎప్పుడు కోతకొస్తుందో రాసుకుంటూ మోటారు సైకిలు మీద తిరగడమే ఆయన ఉద్యోగం. సీజను అయిపోగానే అదే బండి మీద కూతురు గౌతమిని వెనక కూర్చోబెట్టుకుని ఏటా ఓసారి కొండలెక్కేవాడు. ఊరంతా నవ్వేది. నవ్వితే నవ్వనీ, ఆడపిల్లకి ఘాట్ రోడ్డు మలుపులు చూపించిన తండ్రి మండలం మొత్తానికి తనొక్కడేనని ఆయనకి మహా గర్వం.

రెండేళ్ల కిందట విశాఖపట్నం డాక్టరుగారు ఆయన కళ్లలో నీటికాసులన్నారు. పక్కచూపు పోయింది. మిగిలిందల్లా కాగితం చుట్టి అందులోంచి చూసినట్టు ఎదర కాస్త. బండి నడపొద్దన్నారు. పరదేశి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, తను వెనక సీటెక్కాడు.

ఎక్కాడన్న మాటేగానీ పెత్తనం వదిల్తేనా! వెనకసీటు నుంచే దారి చెప్పేవాడు. నోటితో కాదు, చేత్తో. చెరుకు సీజన్లో ఫీల్డ్‌మేన్లు ఇద్దరిద్దరు ఒకే బండి మీద తిరిగేటప్పుడు ఇంజను మోతకి మాటలు వినబడవు. అందుకని వెనకవాడు ముందువాడి భుజం తడతాడు. ఎడమ భుజం తడితే ఎడమకి, కుడి తడితే కుడికి, వీపు మీద తడితే ఆపమని. ఆ లెక్క ఇప్పుడు తండ్రీకూతుళ్ల మధ్య నడుస్తోంది. చూపు పోయినా దారి తనదేనన్న ధీమాతో పరదేశి మళ్లీ మనిషయ్యాడు.

సరిగ్గా అప్పుడే ఇంట్లోకి మిసను మాట వచ్చింది.

గౌతమి పరవాడలో మందుల కంపెనీలో చేస్తుంది. ఆ శనివారం సాయంత్రం బ్యాగులోంచి రెండు పెట్టెలు తీసి అరుగు మీద పెట్టింది. "నాన్నా, మార్చిలో ఒరిస్సా జైపూర్ ఎల్దామనుకున్నాం గదా. పోయినేడు పాడేరు ఘాట్లో ఫోను ఏం చేసిందో గుర్తుందా? సిగ్నలు పోయింది. ఎండకి కాలిపోయి ఆగిపోయింది. ఇవి ఫోన్లు కావు. బళ్లకే పెట్టుకునే మిసన్లు. మా బైకుల గుంపులో గౌరీశంకర్ అని ఒకడున్నాడు. రేపొక్క రోజు ట్రయల్ చూసుకోమని ఇచ్చేడు. ఏది బాగుంటే అది కొంటాను."

"ఏటి చేస్తాదది?" అన్నాడు పరదేశి.

"దారి సెప్తాది."

పరదేశి గుండెలో కలుక్కుమంది. అది దారి చెబితే మరి నేనెందుకు? రేపు ఆ మిసను హేండిల్ మీద కూర్చుంటే వెనక సీటు మీద తనూ సామాను సంచీ ఒకటే. ఇంకో ఏడాదికి సంచీయే నయమనుకుంటారు. ఏ అల్లరీ చెయ్యదు, టీ తాగుతానని ఆపమనదు.

అయినా ఆయన మనిషి ఎలాంటివాడంటే, భయం ఒకపక్క పీకుతున్నా కుతూహలం ఆగదు. పెట్టె తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వేళ్లతో తడిమాడు. ఒకటి అరచేయంత. ఇంకోటి గుండ్రంగా అప్పచ్చి లాగుంది.

"ఫోను సిగ్నలు లేకపోతే దీనికెవుడు సెప్తాడు?"

"ఆకాశంలో ఉపగ్రహాలు తిరుగుతాయి నాన్నా. వాటి సిగ్నలు పట్టుకుని మనం ఎక్కడున్నామో లెక్క కట్టుకుంటాది. మ్యాపులన్నీ దాని కడుపులోనే ఉంటాయి. వాన పడినా పరవాలేదు, చేతికి గ్లవుజులున్నా నొక్కొచ్చు. ఈ పెద్దది నోటితో సెప్తాది. హెల్మెట్ లోపల చిన్న స్పీకరు పెట్టుకుంటే అందులోకి మాట్లాడతాది. ఈ గుండ్రందానికి మాటల్లేవు. బాణం గుర్తు చూపిస్తాది, అంతే. దారి ముందే ఇంటికాడ ఎక్కించుకోవాల. గౌరీశంకర్ ఈ గుండ్రందే మేలంటాడు. నడిపేవాళ్ల ధ్యాస పాడుచెయ్యదంట."

"ఉపగ్రహాలు ఎన్నుంటాయి?"

"చాలా ఉంటాయి. ఒకేసారి నాలుగైనా కనబడాలంట దానికి."

"నలుగురు సెప్తే గానీ నమ్మదన్నమాట," అన్నాడు పరదేశి. ఆ మాట ఆయనకి నచ్చింది. తను కూడా ఒక్క రైతు మాట నమ్మి ఎప్పుడూ కోత తేదీ రాయలేదు.

పొయ్యి దగ్గర్నుంచి ఆయన భార్య మంగాయమ్మ అందుకుంది. "ఓలమ్మా, ఆకాశం దాకా ఎందుకే? మీ నాన్నుండగా! సందు సివర కొట్టుకెళ్లి ఉప్పు తెమ్మంటే మూడూళ్ల కబుర్లు సెప్పి ఉప్పు మర్సిపోయి వస్తాడు గానీ, దారి మాత్రం మర్సిపోడు."

పరదేశి మీసం దువ్వుకున్నాడు. "పందెం ఏసుకుందాం. రేపు చీడికాడ ఎల్దాం. మెయిన్ రోడ్డు వద్దు, చెరుకు దార్ల మీంచే. నాను బుజం తడతాను, నువ్వు అలాగే తిప్పు. మిసను ఏటంటాదో నువ్వు మనసులో పెట్టుకో. ఆకర్న సూద్దాం ఎవులు గెలుస్తారో."

అక్కడితో ఆగాడా? పొద్దున్నే బయల్దేరేటప్పుడు తువ్వాలు తీసి కళ్లకి కట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ కాస్త చూపు సాయం కూడా అక్కర్లేదట. మంగాయమ్మ నెత్తి కొట్టుకుంది.

ఊరు దాటి బండి చెరుకు దార్లలో పడింది. తువ్వాలు కింద అంతా చీకటి. అయినా దారి ఒళ్లంతటికీ తెలుస్తోంది పరదేశికి. కాలవ వంతెన ఎక్కగానే కడుపులో చిన్న కుదుపు, ఆ వెంటనే చల్లగాలి. ఎడమ భుజం తట్టాడు. జీడితోట పక్కనుంచి పోతుంటే బండి చప్పుడు దగ్గరగా, మెత్తగా మారింది. తోట దాటి చప్పుడు ఖాళీ అయిందో లేదో కుడి భుజం తట్టాడు. రైసుమిల్లు మోత వినబడగానే మళ్లీ ఎడమ. గౌతమి ఎక్కడా ఆగలేదు.

కానీ ఒక్కటి ఆయన్ని తొలిచేస్తోంది. గౌతమి హెల్మెట్‌లో పెద్ద మిసను స్పీకరుంది. ఎవరో ఆవిడ కూతురి చెవిలో గుసగుసలాడుతోంది, తనకి వినబడటం లేదు. ఏమంటోందో! తను చెప్పిందే చెబుతోందా, వేరేగా చెబుతోందా? అంతలో మర్రిపాలెం దాటాక దారి రెండుగా చీలే చోట ఎడమ భుజం తట్టాడు. బండి ఆగిపోయింది.

"నాన్నా, ఇది కుడికి పొమ్మంటంది."

"కుడికేటి, పిచ్చా దానికి! కుడికి చెరుకుంటాది."

"నిజమే, చెరుకే ఉంది. మరి మ్యాపులో రోడ్డు గీసుందే!"

పరదేశి తువ్వాలు కిందనుంచే పకపకా నవ్వాడు. "ఓసి గుంటా! అది కోత బాట. చెరుకు కొట్టేసినప్పుడు ట్రాక్టర్లు తిరిగి తిరిగి రోడ్డులాగైపోద్ది. పైరు నిలబడితే బాట ఉండదు. పైనుంచి ఫొటో తీసినోడు కోతల్లో తీసుంటాడు. నాలుగు నెల్లు ఉండే రోడ్డది. నలుగురు ఉపగ్రహాలూ కలిసి కూడా పైరు సంగతి తెలుసుకోలేకపోయేరు సూడు!"

ఇక ఆయన్ని పట్టడానికి లేదు. బండి కదిలాక కూడా వెనక సీట్లో కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్నాడు. గెలిచాడు. ఆకాశం మీద గెలిచాడు. ఇక చీడికాడ ఎంతో దూరం లేదు, మిగిలింది ఒక్క మలుపే. కొండబాబు గానుగ దగ్గర కుడికి తిరగాలి. కొండబాబు బెల్లం వండుతుంటే ఆ వాసన అర మైలు దాకా కొడుతుంది, ఇరవయ్యేళ్లుగా పరదేశి ఆ మలుపుని ముక్కుతోనే పట్టుకుంటున్నాడు. గుప్పుమని కొట్టింది పాకం వాసన. కుడి భుజం తట్టాడు, గట్టిగా.

బండి తిరిగింది. నాలుగు బారలు పోయి, మెత్తటి పిప్పి మీద కస్సుమని కూరుకుని ఆగిపోయింది. ఎవరో అరిచారు. పరదేశి తువ్వాలు కిందకి లాగేసుకున్నాడు. ఎదురుగా పెనం, దాని మీద పొంగుతున్న పాకం, గరిటె పట్టుకుని నోరు తెరుచుకున్న కొండబాబు.

"ఏటి మావా, గానుగలోకే బండి దించేసేవు?"

"ఇదిక్కడెందుకుంది? మీ గానుగ మలుపు కాడ గదా?"

"అక్కణ్ణుంచి ఈ సీజన్లోనే మార్సేసేం. మోటారుకి కరెంటు ఇక్కడే ఇచ్చేరు. రోడ్డు మలుపు ఇంకా ఎదరుంది మావా."

కొండబాబు ఆకు మీద వేడి పాకం పెట్టాడు. మర్రిపాలెం చీలిక దగ్గర చెరుకు ఉగాది దాటాక గానీ కొయ్యడం లేదని, పిప్పి ఆరడం లేదని, ఏవేవో చెబుతున్నాడు. పరదేశికి పాకం చేదుగా ఉంది. ఇది పొలాల మధ్య కాబట్టి పిప్పిలో దిగింది బండి. ఇదే పాడేరు ఘాట్లో అయ్యుంటే? వెనక కూర్చుని గట్టిగా భుజం తట్టి, పిల్లని లోయలోకి తిప్పి ఉండేవాడు.

"మిసనేటంది ఇక్కడ?" అని అడిగాడు మెల్లగా.

గౌతమి పిప్పిలోంచి బండి వెనక్కి లాగింది. "తిన్నగా పొమ్మంది నాన్నా."

"మరి ఎందుకు తిప్పేవు?"

"నువ్వు తట్టేవు గదా."

ఇంటికొచ్చేదాకా పరదేశి చెయ్యి భుజం మీదకి పోలేదు. గౌతమే దారి పొడుగునా బండి ఆపి ఆపి అడిగింది. కాలవ వంతెన ఎలా తెలిసింది? జీడితోట దగ్గర చప్పుడు మారడమేటి? కోత బాటలు ఇంకెన్నున్నాయి? ఘాట్లో లారీ వస్తంటే కనబడకుండానే ఎలా సెప్పేవాడివి? ఆయన ముక్తసరిగా చెప్పాడు. ఇంటి ముందు దిగాక మాత్రం ఒకే మాట అన్నాడు.

"ఆ గుండ్రందే కొను. బాణం నువ్వే సూసుకో. ఎవుల మాటా ఇనకు. నాదైనా సరే."

గౌతమి బండి లోపలికి తోసుకుపోయింది.

కొన్న మిసను పార్సిలులో వచ్చింది. పరదేశి దానివైపు చూడలేదు. ఏది కొన్నావని అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది, మింగేస్తాడు. మంగాయమ్మ మాత్రం ఊరుకుంటుందా! "నోట్లో మాట అలా దాసుకుంటే అరగదు, అడిగీండి," అంది. అయినా అడగలేదు. జైపూర్ కూడా రానని చెప్పేద్దామనుకున్నాడు, అదీ నోరు రాలేదు. సామాను సంచీగానైనా సరే, కొండలెక్కాలనే ఉంది మరి.

మార్చి మొదటి శనివారం పొద్దున్నే బండి సిద్ధం చేశారు. ముందు కొండబాబు గానుగ దాకా పోయి, దారికి రెండు బెల్లం అచ్చులు తీసుకుని, అక్కణ్ణుంచి మాడుగుల మీదుగా పాడేరు. గౌతమి తండ్రి తలకి తనే హెల్మెట్ తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించింది. లోపల చెవుల దగ్గర ఏదో కొత్తగా ఒత్తుకుంటోంది.

బండి స్టార్టయింది. ఉన్నట్టుండి ఆయన చెవిలో ఎవరో ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడింది. పరదేశి అదిరిపడి వీపు మీద తట్టాడు.

"ఒసే! ఎవులో మాట్లాడతన్నారు!"

"అదే నాన్నా మిసను. పెద్దదే కొన్నాను."

"నీకూ ఇనబడతందా?"

"లేదు. ఈ మోడలు ఒక్క హెల్మెట్‌కే కలుస్తాది. నీదానికి కలిపేను."

"పిచ్చెక్కిందేటే? నడిపేది నువ్వు గదా! నీకెలా తెలుస్తాది?"

"ఘాట్లో నాను తెర మీదకి సూపు దించితే ఇద్దరం లోయలో ఉంటాం. ఎండలో అదెలాగూ కనబడదు. మొన్న ట్రయల్లో నువ్వు ఒక్కచోట తప్పేవు, అదీ ఒక్కచోట తప్పింది. నువ్వు తప్పినకాడ అది కరెక్టు, అది తప్పినకాడ నువ్వు కరెక్టు. అందికే ఇద్దర్నీ ఒకే సెవి దగ్గర కూకోబెట్టేను. అది నీకు సెప్తాది. నువ్వు ఒప్పుకుంటే నాకు సెప్పు."

పరదేశి హెల్మెట్ చెవుల దగ్గర సవరించుకున్నాడు. "బండి పోనీ," అన్నాడు.

కాలవ వంతెన, చల్లగాలి. "టర్న్ లెఫ్ట్," అంది ఆవిడ. సరే, అదీ నిజమే. ఎడమ భుజం తట్టాడు. జీడితోట దాటింది. "టర్న్ రైట్." అవునవును. రైసుమిల్లు దగ్గర ఆవిడకంటే తనే ముందు చెప్పాలని చూశాడు గానీ ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఈ ఆట బాగుందే అనుకున్నాడు.

మర్రిపాలెం దాటింది. చీలిక వస్తోంది. "ఇన్ టూ హండ్రెడ్ మీటర్స్, టర్న్ రైట్," అంది ఆవిడ, ఏ మాత్రం అనుమానం లేకుండా.

పరదేశి చెయ్యి గాల్లో ఆగింది. మొన్నటి పరదేశి అయితే నవ్వేసేవాడు. ఇవాళ పాకం పెనం గుర్తొచ్చింది. తనే తప్పయితే? ఆవిడ మళ్లీ చెప్పింది. ఆయన తల కుడివైపు పూర్తిగా తిప్పి, ఉన్న కాస్త చూపూ అటే పెట్టాడు. పచ్చగా ఏదో కదిలింది. చెవి పెట్టాడు. ఆవిడ గొంతు వెనకాల, గాలికి చెరుకు ఆకుల గలగల. ఉగాది ఇంకా రాలేదు.

ఎడమ భుజం మీద ఒక్క తట్టు తట్టాడు.

"రీకాలిక్యులేటింగ్," అంది చెవిలో ఆవిడ.

"లెక్కెట్టుకో తల్లీ, తొందరేటి లేదు," అన్నాడు పరదేశి.

గౌతమి అప్పటికే బండి ఎడమకి తిప్పేసింది.