రోషమున్న తేళ్లు

మునిచంద్రకు ఒక పని తలకెక్కిందంటే ఇక దిగదు. పట్టుపురుగులు పెంచినప్పుడూ అంతే, అవి పోయాక తేళ్లు పెంచినప్పుడూ అంతే. చిత్తూరుకు ఆటో దూరంలో ఉంటుంది వాళ్ల ఊరు. వరసగా రెండు ఎండాకాలాలు పురుగులకు రోగం తగిలి తట్టల్లోనే కుళ్లిపోయాయి. ఖాళీ షెడ్డులో కూర్చుని ఫోన్ తిప్పుకుంటూ ఉంటే తేలు విషానికి మంచి ధర పలుకుతుందని ఒక వీడియో కంటబడింది. దాని కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. వేలూరు నుంచి ఎవరో పెద్దమనిషి తియ్యగా మాట్లాడాడు. మెత్తని తేళ్లు తనకు అక్కర్లేదనీ, ఎర్రవి, రోషమున్నవి, పుల్ల చూపిస్తే చాలు కొండి లేపేవి కావాలనీ అన్నాడు. ఆ పెద్దమనిషి ముఖమైనా చూడకుండా మనవాడు పట్టకారు పట్టుకుని గుట్టల వెంట పడ్డాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ అక్క నిర్మలమ్మా. అమ్మ పోయేనాటికి అతను ఇంకా చంకలో బిడ్డ. అక్కకే అప్పటికి ఊహ తెలిసీ తెలియని వయసు. అయినా ఆమే ఎత్తుకు తిరిగింది, ఆమే గోరుముద్దలు పెట్టింది. పెళ్లై వెళ్లి, మొగుడు పోయాక మళ్లీ తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. తేళ్ల సంగతి తెలిసినప్పుడు ఆమె పెద్దగా గొడవ చేయలేదు. పురుగులైతే గూడు కట్టి ఇచ్చిపోతాయి, ఇవేం ఇచ్చిపోతాయిరా అని ఒక్కసారి అడిగింది.

తేళ్లను ఒకచోట పెడితే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. అందుకని ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ డబ్బా, మూతకు సన్నని చిల్లులు, లోపల తడి దూది, తినడానికి బొద్దింకలు. రోజూ పొద్దున చీపురుపుల్లతో ఒక్కోదాన్నీ కదిలించేవాడు. వెనక్కి పరిగెత్తితే అది పనికిరాదు, తీసుకుపోయి గుట్ట మీద వదిలేసేవాడు. పుల్లను పొడిస్తే ఉంచుకునేవాడు. పొడిచేవాటికీ పొడిచేవాటికీ జత కట్టించాడు. తల్లి వీపు దిగిన పిల్లలకూ మళ్లీ అదే పరీక్ష. రెండో ఏటికి మూత చప్పుడైతే చాలు, డబ్బా గోడను టకటకా పొడిచేవి. అది విని మురిసిపోయేవాడు మునిచంద్ర. ఏం చూసుకుని మురిశాడో ఇప్పుడు అడిగితే అతనికే తెలియదు.

పట్టుపురుగుల షెడ్డులోకి చెప్పులతో పోకూడదని వాళ్ల నాయన కట్టడి. బయటి దుమ్ముతో పురుగులకు రోగం వస్తుందని, గడప దగ్గర చెప్పులు విడిచి, బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి పోవాల్సిందే. చిన్నప్పుడు ఒకసారి చెప్పులతో దూరినందుకు మునిచంద్ర వీపు చిట్లింది కూడా. తేళ్లు వచ్చాక అతను తన మట్టుకు రబ్బరు బూట్లు కొనుక్కున్నాడు. అక్కను లోపలికే రావద్దన్నాడు. వస్తే చెప్పులతో రమ్మని మాత్రం చెప్పలేదు. ఆమె పాదాలకు ఏళ్లుగా ఉన్న అలవాటు గురించి అతనికి తోచనే లేదు.

మే నెలలో ఒక రోజు పొద్దున్నే అన్నిటికంటే రోషమున్న తేలును వీడియో తీసి వేలూరుకు పంపాడు. ఆ సంబరంలో మూత గట్టిగా నొక్కకుండానే చిత్తూరుకు పోయాడు. ఎండ మండిపోతోంది. పాపం, నోరులేని జీవాలు, దూది ఆరిపోయి ఉంటుంది అనుకుంది నిర్మలమ్మ. చెంబుతో నీళ్లు తీసుకుని షెడ్డు దగ్గరికి వెళ్లింది.

మధ్యాహ్నం తిరిగి వచ్చిన మునిచంద్రకు గడప బయట అక్క చెప్పులు కనిపించాయి. పరుగున వెళ్లాడు. లోపల ఆమె నేల మీద కూర్చుని పాదం పట్టుకుని ఉంది. ఒళ్లంతా చెమట. తేలు డబ్బాల అలమర కింద కొండి ఎత్తుకునే ఉంది. ఏం కాలేదులేరా, చెంబు ఒలికిపోయింది, అంది ఆమె.

ఆటోలో పోతున్నంతసేపూ అతని బుర్ర ఒకే చోట తిరిగింది. అనుమతి లేకుండా ఇలాంటివి పెంచితే లోపలేస్తారని ఎవరో అన్న మాట అతని మనసులో పాతుకుపోయింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఏం కరిచిందని అడిగాడు.

"సూడలేదు సార్. గడ్డిలో ఏమో కరిసినట్టుండాది," అన్నాడు మునిచంద్ర.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. నిర్మలమ్మ ముందు తమ్ముడి ముఖంలోకి చూసింది.

"నేనూ సూడలేదు నాయనా," అంది.

పామేమో అనుకుని వాళ్లు రక్తం తీశారు. గడ్డకడుతుందో లేదో చూడాలన్నారు. ఈలోగా ఆమె చేతులు మంచులా చల్లబడ్డాయి, దగ్గు మొదలైంది, ఊపిరి అందడం లేదు. మునిచంద్ర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమెను కుట్టిన తేలు వీడియో అతని జేబులోని ఫోన్‌లోనే ఉంది. దాన్ని ఎంచింది తను, దాని తల్లినీ తండ్రినీ ఎంచి జతకట్టింది తను. ఇంతా తెలిసిన మనిషి నోరు కట్టేసుకుని నిలబడ్డాడు. పిరికితనమంటే అంతకంటే వేరే ఏముంటుంది? ఆమె పెదవుల మీద నురగ కనిపించాక గానీ అతను పరిగెత్తలేదు. డాక్టరు చెయ్యి పట్టుకుని, ఎర్ర తేలు సార్, నేను పెంచిందే, అని ఫోన్ చేతిలో పెట్టాడు.

డాక్టరు తిట్టలేదు. తిట్టే తీరిక ఎక్కడిది? వెంటనే మందు మార్చారు. తెల్లారేసరికి ప్రాణగండం తప్పిందన్నారు. రాగానే చెప్పి ఉంటే గుండెకు ఇంత దెబ్బ తగిలేది కాదనీ, ఇకమీదట ఆమె బరువు పనులు చేయలేదనీ చెప్పారు. ఆ పోయిన కాసేపటిని తెచ్చిచ్చేవాడు ఎవడూ లేడని మునిచంద్రకు అప్పుడే అర్థమైంది.

ఇంటికి వెళ్లి పొయ్యి మీద నీళ్లు కాచాడు. తేళ్లను గుట్ట మీద వదిలేద్దామంటే కట్టెలకు పోయే ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఒక్కో డబ్బా మూత తీసి మరిగే నీళ్లు పోశాడు. పిల్లల్ని మోస్తున్న తల్లులు కూడా ఉన్నాయి వాటిలో. వాటి పాపమేముంది, రోషం నేర్పించింది తనే కదా అని ఏడ్చాడు. వేలూరు పెద్దమనిషి ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

ఆమె మాట్లాడగలిగిన రోజు మంచం పక్కన కూర్చుని అంతా చెప్పుకున్నాడు. మూత నొక్కనిది తనేననీ, తెలిసీ డాక్టరుకు చెప్పలేదనీ, చివరికి భయపడి చెప్పేశాననీ అన్నాడు. తిట్టమన్నాడు, చెంప పగలగొట్టమన్నాడు. నిర్మలమ్మ ముఖం నిజంగానే ఎర్రబడింది.

"ఏమిటికి సెప్పినావురా? నేను సూడలేదని అన్నాను గదా. నిన్ను పోలీసోళ్లు ఎత్తుకపోతే ఆడ నీకు కూడు ఎవురు పెడతారు?"

ఆ మాత్రానికే ఆయాసం వచ్చింది ఆమెకు. గోడ వైపు తిరిగి పడుకుంది.