ఒకటో శ్రుతిలో సువార్తమ్మ

నేను ఒక హార్మోనియాన్ని. రాజమండ్రిలో ఒక వడ్రంగి టేకు పలకలు చిత్రిక పట్టి నా పెట్టె చేశాడు. ఆయన తమ్ముడు ఇత్తడి రీడ్లను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని, ఆకురాయితో గీకి శ్రుతి చేశాడు. మొదటిసారి తిత్తి కదిపి నాలో గాలి నింపినప్పుడు వచ్చిన శబ్దానికి నేనే బెదిరిపోయాను. అది పాటలా లేదు. దారి తప్పిన దూడ అరిచినట్టుంది.

మొదట నన్ను కొన్నది ఊరూరా తిరిగే నాటక సమాజం వాళ్ళు. నటుడు రాగం బాగా తీసిన రోజు చప్పట్లు ఆయనవి. గొంతు జారిన రోజు తప్పు నాది. ‘పెట్టె శ్రుతి తప్పింది’ అని నలుగురిలో అనేసి తప్పుకునేవారు. సమాజం చెదిరిపోయాక ఒక భజన మందిరంలో మూలపడ్డాను. అక్కడ ఎలుకలు నా తిత్తి కొరికాయి. గాలి నిలవని హార్మోనియం చెక్కపెట్టెతో సమానం కాబట్టి నా మీద ప్రసాదం గిన్నెలు పెట్టుకున్నారు.

నన్ను ఆ మూల నుంచి తెచ్చుకున్నది నరసాపురం గవర్రాజుగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. తిత్తికి కొత్త గుడ్డ అతికించి, తుప్పు పట్టిన రీడ్లు మార్పించి, మళ్ళీ నాకు ఊపిరి పోశారు.

ఆ ఊళ్ళో కొందరు కలిసి ఒక సంగీత నాటకం వేయాలనుకున్నారు. తుపాను వచ్చిన రాత్రి ఒడ్డున పడవల కోసం ఎదురుచూసే జనం కథ. రాసిందీ, ఆడిస్తున్నదీ ప్రమీలారాణిగారు. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసిన ఆవిడ. ఊళ్ళో సగంమంది ఇప్పటికీ ఆవిడ ఎదురుపడితే చొక్కా గుండీలు సరిచూసుకుంటారు. పాడగలవాళ్ళెవరైనా రావచ్చని చాటించి, ఒక ఆదివారం టౌన్ హాల్లో ఆడిషన్ పెట్టారు. శ్రుతి వేయడానికి గవర్రాజుగారు నన్ను సైకిల్ రిక్షాలో తీసుకెళ్ళారు.

అంత భయాన్ని నేను ఒకేచోట ఎన్నడూ చూడలేదు. కోర్టులో గట్టిగా వాదించే ప్లీడరుగారు పల్లవి మొదటి మాటే మర్చిపోయారు. ఒక లెక్చరరు నా పక్కన నిలబడితే ఆయన చెమట నా స్వరాల మెట్ల మీద పడింది. బట్టల కొట్టు ఆయన మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, మళ్ళీ తాగి, చివరికి జలుబు చేసిందని చెప్పి వెళ్ళిపోయాడు. వాళ్ళ భయం గవర్రాజుగారి వేళ్ళకు పాకి, ఆ వేళ్ళ నుంచి నాకు అంటుకుంది. ఇప్పుడే నా రీడు ఏదైనా పట్టేస్తే ఒక మనిషి ఆశ నా వల్ల పోతుందే అని వణికాను.

మధ్యలో కాఫీలకు ఆపినప్పుడు ఒకావిడ నా దగ్గరకు వచ్చి నేలమీద కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. మెడ కింద అడ్డంగా సన్నని మచ్చ. లేసు అల్లి బతికే సువార్తమ్మ ఆవిడ. క్రిస్మస్ రోజుల్లో చర్చిలో ఆవిడ పాడితే వీధి చివరిదాకా వినిపించేదని గవర్రాజుగారు తెలిసినవాళ్ళతో చాలాసార్లు అనగా విన్నాను.

“మాస్టారూ, ఆడవాళ్ళందరికీ ఐదో శ్రుతి పెడతన్నారు. నాకు మాత్రం ఒకటో శ్రుతి పెట్టండి” అంది గొంతు తగ్గించి.

“అది మగవాళ్ళ శ్రుతి కదమ్మా.”

“నా గొంతు ఇప్పుడక్కడుందండి. ఉందనే అనుకుంటన్నాను.”

అప్పుడు చెప్పింది. మెడలో గడ్డ లేస్తే ఆపరేషన్ చేశారు. నెలల తరబడి మాట కూడా సరిగ్గా రాలేదు. పాట మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. అప్పటినుంచి చర్చిలో పెదవులు కదిపి ఊరుకుంటోంది. పక్కనున్నవాళ్ళు ఆమె పాడుతోందనే అనుకుంటున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా పాడి చూడలేదు.

ముందు ఇంట్లో పాడి చూసుకుని రావలసిందని గవర్రాజుగారు మెల్లగా అన్నారు.

“ఇంట్లో పాడితే, రాకపోతే, ఆ సంగతి నాకొక్కదానికే తెలుస్తుందండి. అది నేను ఒక్కదాన్నీ మొయ్యలేను. ఇక్కడైతే అందరం కలిసే వింటాం.”

గవర్రాజుగారు అరచెయ్యి నా మూత మీద పెట్టి, సరేనన్నట్టు తలూపారు.

ఆమె పేరు పిలిచారు. గవర్రాజుగారు ఒకటో శ్రుతి పట్టగానే ప్రమీలారాణిగారు తలెత్తి చూశారు. ఆడవాళ్ళందరికీ ఒకటే పద్ధతి అనుకున్నాం కదా అన్నారు. “ఈవిడకు ఇదే కావాలండి” అని ఆయన తిత్తి ఆపకుండా ఒత్తుతూనే ఉన్నారు.

సువార్తమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఎలుకలు కొరికిన రోజుల్లో నాలోంచి వచ్చింది అలాంటి గాలే. నాకు అది తెలుసు కాబట్టి నా చెక్కంతా బిగుసుకుపోయింది. వెనక వరసలో ఎవరో కుర్చీ జరిపారు. ఆమె చీర చెంగును రెండు చేతులతో పట్టుకుంది. పారిపోతుందనుకున్నాను. గవర్రాజుగారు స్వరం వదల్లేదు, నేనూ వదల్లేదు.

రెండోసారి ధ్వని వచ్చింది. మోటుగా, కిందగా, ఇసుకలో పడవ ఈడ్చినట్టుగా. అది ఆమె పాత గొంతు కాదు. ఆమె కూడా అది వినడం అదే మొదలు. కళ్ళు పెద్దవి చేసుకుని, ఎవరో పరాయి మనిషి తన నోట్లోంచి పాడుతున్నట్టు వింటూ పాడింది. అది నాటకంలో తల్లి పాట; చరణంలో కొడుకును పేరుపెట్టి పిలిచే చోట పాట పైకి ఎక్కాలి. అక్కడ గొంతు చీలి ఆగిపోయింది. ఆమె ఆగలేదు. ఆ పిలుపును కింది స్థాయిలోనే, దాదాపు మాటలా అని, మిగతా పాట ముగించింది.

చప్పట్లు కొట్టాలో లేదో ఎవరికీ తెలియలేదు. “అయిపోయిందండి” అంది సువార్తమ్మ.

“మళ్ళీ ఇలాగే పాడగలవా?” అని ప్రమీలారాణిగారు అడిగారు.

“తెలీదండి. ఇప్పుడొచ్చింది. రేపు రాకపోవచ్చు.”

ప్రమీలారాణిగారు అబద్ధపు మెచ్చుకోలు ఏదీ ఇవ్వలేదు. తల్లి వేషానికి పాటలు చాలా ఉన్నాయి, ఆ బరువు ఈ గొంతు మీద పెట్టలేనని ముఖం మీదే చెప్పారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒడ్డున కూర్చునే ముసలమ్మకు ఒక పాట రాస్తాను, ఒకటో శ్రుతిలో రాస్తాను అన్నారు. సువార్తమ్మ వచ్చి నా పక్కనే చతికిలబడింది.

రిహార్సల్సులో ఆ గొంతు కొన్ని రోజులు వచ్చింది, కొన్ని రోజులు రాలేదు. రాని రోజు ఆమె ఉత్తినే పెదవులు కదిపి నటించకుండా, రాలేదని పైకే చెప్పేది. నాటకం వేసిన సాయంత్రం గొంతు వచ్చింది. చీలే చోట చీలింది.

గవర్రాజుగారి కీళ్ళు పట్టేశాక నన్ను సువార్తమ్మకు ఇచ్చేశారు. ఇప్పుడు ఆమె ఇంట్లో లేసు దారపు ఉండల పక్కన ఉంటున్నాను. పొద్దున్నే నా మూత తీస్తుంది. నేను భయపడతాను, నా మెట్ల మీద ఆమె వేళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి ఆమె కూడా భయపడుతోందని నాకు తెలుసు. తిత్తి ఒత్తుతుంది. నేను ఒకటో శ్రుతి పలుకుతాను. కాసేపు ఇంట్లో నా స్వరం ఒక్కటే ఉంటుంది.

తర్వాత ఆమె నోరు తెరుస్తుంది.