రొయ్యల ఫ్రిజ్‌కు తాళం

స్తమాతియాకు ఒళ్లు మండిపోతోంది. ఏళ్ల తరబడి తను ఏలిన హోటలు వంటింట్లో ఫ్రిజ్‌కు తాళమా! వేసింది యజమానురాలి అల్లుడు అర్గీరిస్. మేనేజరునంటూ దిగి నెల తిరగలేదు, సరుకు పోతోందని గోల చేసి, తాళంచెవి జేబులో వేసుకుని పక్కవీధికి కాఫీకి పోయాడు మహానుభావుడు.

బయట బల్ల దగ్గర పడవ యజమాని పాండెలిస్ తన జాలర్లతో కూర్చున్నాడు. ఈ హోటలుకు చేపలు పోసేది అతనే. ఈ వోలోస్ రేవులో సారా సీసాతో పాటు నంజుకునే పళ్లెం ఎవరూ అడగక్కర్లేదు, వంటిల్లే పంపుతుంది. సీసా సీసాకూ పళ్లెం ముందుదానికన్నా ఘనంగా ఉండాలి. తగ్గిందంటే, ఇక లేచి పొండని చెప్పినట్టే.

నాలుగో సీసా వెళ్లింది. రొయ్యలేమో తాళంలో ఉన్నాయి. కబురు పంపితే అల్లుడు "వస్తాలే పొమ్మను" అన్నాడట. చేసేది లేక స్తమాతియా ఆలివ్ కాయలే పళ్లెంలో పోసి తీసుకెళ్లింది.

పాండెలిస్ ముఖం మాడిపోయింది. "ఏంటి స్తమాతియా, గెంటేస్తున్నావా మమ్మల్ని?"

"నేను కాదన్నా. రొయ్యలకి తాళమేశారు."

"మేం పట్టిన రొయ్యలకి మాకే తాళమా! లేవండ్రా! రేపట్నుంచి ఈ గుమ్మంలో చేప దించితే ఒట్టు!"

అప్పుడు ఊడిపడ్డాడు అర్గీరిస్. పోతున్నవాళ్లను ఆపలేక స్తమాతియా మీద విరుచుకుపడ్డాడు. "కావాలనే చేశావ్! ఇంటికి మోసుకుపోతున్నావనే తాళం వేశాను. సంచి చూపించి కదులు!"

"నోరు పడిపోద్ది నీకు!" అంటూ ఆమె గల్లాపెట్టె వైపు తిరిగింది. అక్కడ యజమానురాలైన ముసలి పోలిక్సేని కూర్చుని ఉంది. "పెద్దమ్మా, నువ్వు చెప్పు. నేను ఏనాడైనా చేప తోకైనా పట్టుకెళ్లానా?"

ముసలామెకు నిజం తెలుసు. అల్లుడి వైపు చూసింది, తర్వాత వీధి వైపు చూసింది.

"ఒక్కసారి చూపించెయ్యవే. నీ సొమ్మేం పోయింది? గొడవ వదిలిపోద్ది."

అల్లుడి మాటకు ఒళ్లు మండింది గానీ, ఈ మాటకు స్తమాతియా గుండె పగిలిపోయింది. సంచి తెచ్చి గల్లాపెట్టె మీద బోర్లించింది. దువ్వెన, బీపీ మాత్రలు, ఇంటి తాళంచెవి, మాసిన ఏప్రన్ పడ్డాయి.

"సరిగ్గా చూడు పెద్దమ్మా. కళ్లజోడు పెట్టుకుని మరీ చూడు."

పోలిక్సేని తల దించుకుంది. "సర్లేవే. కోపం తగ్గాక, రేపు పెందరాళే వచ్చెయ్."

స్తమాతియా ఏప్రన్ అక్కడే వదిలేసి, మిగతావి సంచిలో వేసుకుంది.

"రేపు నీ అల్లుడు వండుతాడులే," అని బయటికి నడిచింది.